‘మీరేనా?’ అని అడిగిన ఫోను

మార్చి 3, మంగళవారం

పూజ్యులైన మేనత్తగారికి మేనకోడలు నమస్కరించి వ్రాయునది.

ఈ దినపు మొదటి వింతను ముందుగా విన్నవించుకుంటాను. తెల్లవారకముందే లేచి, పళ్లైనా తోముకోక, కొత్త ఫోనులో నా మెయిలు ఖాతా తెరవబోయాను. పాస్‌వర్డు తప్పు లేకుండా ఇచ్చాను. అయినా తలుపు తీయలేదు. ‘ఇది మీరేనని మాకు నమ్మకం కలగలేదు’ అంది. లేచి వెళ్లి అద్దంలో చూసుకున్నాను. నేనే. కానీ ఆ సంగతి దానికి తెలియజేయడమెలా?

లోపం ఎక్కడుందో కాసేపటికి బోధపడింది. ఆ ఖాతాకు నేను రెండంచెల భద్రత పెట్టుకున్నాను. మొదటి అంచె పాస్‌వర్డు. రెండవది నా పాత ఫోను. కొత్త చోట ఎవరైనా నా ఖాతా తెరవబోతే పాత ఫోను తెర మీద ‘మీరేనా?’ అన్న ప్రశ్న వస్తుంది. అక్కడ ‘అవును’ నొక్కితేనే ఇక్కడ తెరుచుకుంటుంది. అది కుదరని పక్షంలో పాత నంబరుకు ఆరంకెల కోడ్ వెళుతుంది. ఆ పాత ఫోనునూ ఆ పాత నంబరునూ కలిపి పోయిన వారం మీకే కానుకగా పంపి ఉన్నాను. మీకు సిమ్ మార్చుకునే శ్రమ ఉండరాదన్న సదుద్దేశంతో నేను కొత్త నంబరు తీసుకున్నాను. ముందు ఖాతాను కొత్త ఫోనులోకి మార్చుకోవాలన్న జ్ఞానం మాత్రం పార్శిలు వెళ్లిపోయాక ఉదయించింది.

ఇటువంటి ఆపదల కోసం పది రహస్య సంఖ్యలు ముందే ఇస్తారు. వాటిని నేను బహు శ్రద్ధగా భద్రపరిచాను. ఆ ఖాతాలోనే.

కావున నా విన్నపం. రేపటి నుండి ప్రతి ఉదయం ఎనిమిది గంటలకు నేను ఖాతా తెరవడానికి ప్రయత్నిస్తాను. ఆ సమయానికి ఫోను దగ్గర పెట్టుకుని, అది అడిగినప్పుడు దయచేసి ‘అవును’ నొక్కగలరు. మీకు ఫోను చేద్దామంటే, తెలియని నంబరు ఎత్తవద్దని నేనే మీకు నేర్పి ఉన్నాను. అందుచేత ఈ ఉత్తరం.

ఇది చిన్న విషయం కాదు. రెండేళ్లుగా నేను రాసుకున్న రచన ఒకటి ఆ ఖాతాలో ఉంది. దానికి మరో ప్రతి లేదు. భాషాశాఖలో పై చదువుకు ఉన్న సీట్లు తక్కువ. ప్రతి విద్యార్థీ సొంత రచన ఒకటి పంపాలి, దాన్ని చూసే ఎంపిక. మార్చి 18 సాయంత్రం ఆఖరు గడువు. మాటలతో బతకాలన్న నా కోరిక అంతా ఆ ఒక్క రచన మీద ఆధారపడి ఉంది.

ఇక్కడి స్నేహితురాళ్లకు మీ గురించి చెబుతుంటాను. మా మేనత్తగారు భద్రతా రంగంలో ఉన్నారని చెప్పాను. ఎంతో ఆసక్తిగా విన్నారు.

ఇట్లు,
భవదీయ,
మేనకోడలు


మార్చి 3

ఒసే గొళ్లెం,

ఫోను అందింది. ఇంత పెద్ద తెర నాకెందుకే? ఆరిపోయి ఉన్నప్పుడు అద్దంలా ఉంది, గడ్డం కింద ముడతలన్నీ లెక్క చెబుతోంది. వెలిగినప్పుడు మాత్రం బాగుంది. అక్షరాలు పెద్దవిగా కనిపిస్తున్నాయి. కొట్టుకొచ్చిన వాళ్లందరికీ చూపించాను. ‘మా పిల్ల పంపింది’ అన్నాను. అడగని వాళ్లకి కూడా అన్నాను.

దాంతో పాటు నువ్వు పంపిన నియమాల కాగితాన్ని బల్ల ముందు గోడకి అంటించాను. ఒకటి, తెలియని నంబరు ఎత్తకూడదు, సందేశం తెరవకూడదు. రెండు, కోడ్ వస్తే కన్నతల్లికి కూడా చెప్పకూడదు. మూడు, నా పేరు చెప్పుకున్నా, నా గొంతుతో మాట్లాడినా నమ్మకూడదు, ఈ రోజుల్లో గొంతులు కూడా దొంగిలిస్తున్నారు. ఆ మూడోది చదివి ఒళ్లు జలదరించింది. గొంతు ఎత్తుకుపోతే ఇక మనిషికి మిగిలేదేముంది?

ఇప్పుడు అసలు సంగతి విను. ఇవాళ తెల్లారకముందే దొంగ వచ్చాడు. కొట్టుకి కాదు, నీ ఫోనుకి. పక్క మీద నుంచి లేస్తుంటే తెర వెలిగింది. ‘మీ ఖాతా తెరవడానికి ప్రయత్నిస్తున్నది మీరేనా?’ అని అడిగింది. నేను కాదు కదా! నేను దుప్పటి మడతపెడుతున్నాను. ‘కాదు’ అని నొక్కాను. కాసేపాగి మళ్లీ అడిగింది. మళ్లీ ‘కాదు’. రెండోసారి వేలితో కొంచెం గట్టిగానే నొక్కాను, వాడికి తగలాలని. నువ్వేమీ బెంగపెట్టుకోకు. నీ సొత్తు నా చేతిలో ఉన్నంతకాలం చీమని కూడా దూరనివ్వను.

నా సంగతి తెలిసిందే కదా. తాళం పోయింది, తలుపు తియ్యమ్మా అని ఎవరొచ్చినా, లోపల ఏముందో చెప్పించుకోకుండా గుమ్మం ముందు పనిముట్ల సంచి విప్పను. నిన్న ఒకాయన వచ్చాడు.

‘మీ ఇల్లేనా బాబూ?’ అన్నాను.

‘నా ఇల్లేనమ్మా, నేనేం దొంగనా?’ అని ఎగిరాడు.

‘కాదులెండి. తలుపు తియ్యగానే ఎదురుగా ఏముంటుందో చెప్పండి చాలు.’

తల గోక్కున్నాడు. ‘మా అత్తగారు’ అన్నాడు.

తీశాను. నిజంగానే ఉంది పాపం, కుర్చీలో నిద్రపోతోంది. ఇంత మోత చేసినా లేవలేదు. లోపలే మనిషి ఉండగా నన్నెందుకు పిలిచావయ్యా అంటే, ‘ఆవిణ్ని లేపడం కంటే మిమ్మల్ని పిలవడమే తేలికమ్మా’ అన్నాడు.

పరీక్షలు బాగా రాయి. రాత్రుళ్లు మేలుకోకు.

నీ అత్త


మార్చి 6

అత్తా,

‘కాదు’ నొక్కకు! ఆ దొంగను నేనే!

పరీక్ష గది బయట మెట్ల మీద కూర్చుని పెన్సిలుతో రాస్తున్నాను. నీ ఉత్తరం ఇప్పుడే అందింది. నువ్వు గట్టిగా నొక్కిన ఆ రెండో ‘కాదు’ ఇక్కడ నాకు నిజంగానే తగిలింది. నా మొదటి ఉత్తరం ఈపాటికి నీకు అందే ఉంటుంది. అందులో అంతా వివరంగా రాశాను.

ఇంకో దారి తట్టింది. నా ఖాతా నీ ఫోనులో ఇంకా తెరిచే ఉండాలి. తెర మీద తెల్ల కవరు బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కు. లోపల ‘గడువు’ అన్న సంచీ, అంటే ఫోల్డరు, కనిపిస్తుంది. దాంట్లో ఒకటే ఉంటుంది. ఆ ఒక్కదాన్నీ ఈ కాగితం వెనక రాసిన చిరునామాకి పంపించు. భాషాశాఖ వాళ్లది.

ఒక్క మాట. దాన్ని చదవకు. తెరవకుండానే పంపొచ్చు. పైన పేరు కూడా చూడకు.

గంట కొట్టారు. వెళుతున్నాను.


మార్చి 6

మా గొళ్లెం చిరునామా నుంచి ఉత్తరం రాసిన అమ్మాయికి,

నువ్వెవరో నాకు తెలియదు. ఎవరి కడుపున పుట్టావో కానీ, మంచి చదువే చదువుకున్నట్టున్నావు. ఈ ఉత్తరం మా పిల్లకి అందితే నవ్వుకుంటుంది. నీకు అందితే మాత్రం కాస్త సిగ్గుపడు.

నువ్వు చేసిన పొరపాట్లు చెబుతాను, ఇంకోసారికి పనికొస్తాయి.

మా పిల్ల నన్ను పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా ‘మీరు’ అనలేదు. ‘అత్తా, నీకు చెవుడా?’ అంటుంది. నువ్వేమో ‘నొక్కగలరు’ అన్నావు. ఆ ‘గలరు’ దగ్గరే నాకు తెలిసిపోయింది. మా పిల్ల అక్షరాలు వానలో పరిగెత్తే కోడిపిల్లల్లా ఉంటాయి. నీవేమో తోకలు పెట్టుకుని నాట్యం చేస్తున్నాయి. మా పిల్ల ఉత్తరం కింద ‘గొళ్లెం’ అని రాస్తుంది. నువ్వు ‘భవదీయ’ అని రాశావు. ఆవిడెవరో నాకు తెలియదు.

అన్నిటికంటే ముఖ్యం, ఉత్తరం నిండా నా కొట్టు ఊసే లేదు. చివర ఒక్క మాట, భద్రతా రంగం అట! నేను తాళాలు బాగుచేస్తాను. తాళంచెవులు కోస్తాను. మా పిల్లకి ఆ సంగతి చెప్పడానికి నోరు తిరగకపోవడమేమిటి? ఆ పిల్ల నా బల్ల కింద ఆడుకుంటూ పెరిగింది. అది అలా రాయదు.

మొన్నటి నుంచీ పొద్దున్న ఎనిమిదింటికి అడుగుతోంది ఫోను. ‘కాదు’ అంటున్నాను. రేపు కూడా అంటాను. నీకు ఓపిక ఉంటే నాకూ ఉంది.

ఒకవేళ, నూటికి ఒక్క పాలు, నువ్వు మా పిల్లవే అయితే నా పద్ధతి నీకు తెలుసు. లోపల ఏముందో చెప్పు. కిటికీలోంచి చూస్తే కనిపించేది కాదు, లోపల తిరిగిన వాళ్లకే తెలిసేది. అప్పుడు ఆలోచిస్తాను.

తాళాల కొట్టు ఆవిడ


మార్చి 9

అత్తా,

నీ ఉత్తరం చదివి మొదట కోపం వచ్చింది. గదిలో అటూ ఇటూ తిరిగాను. తర్వాత నా మొదటి ఉత్తరాన్ని గుర్తు చేసుకుంటే, నేనైనా నమ్మేదాన్ని కాదనిపించింది.

జరిగింది ఇదీ. లైబ్రరీలో పాతకాలం ఉత్తరాల సంకలనం ఒకటి దొరికింది. ‘విన్నవించుకుంటాను’, ‘ఉదయించింది’, ‘ఆపద’. ఒక్కో మాటా చేతిలోకి తీసుకుంటే బరువుగా, నున్నగా ఉంది, నువ్వు అప్పుడే మెరుగుపెట్టిన ఇత్తడి తాళంచెవిలాగా. కనిపించిన మాటనల్లా వాడాలనిపించింది. వాడేశాను. నీకు రాసే ఉత్తరం కదా, అన్నిటికంటే మంచి మాటలు నీకే ఇవ్వాలనుకున్నాను. ‘మీరు’ అంటే నిన్ను గౌరవించినట్టు ఉంటుందనుకున్నాను. నిన్ను గుమ్మం బయట నిలబెట్టినట్టు అవుతుందని తట్టలేదు. చేతిరాత కూడా ఆ పుస్తకంలో చూసి నేర్చుకున్నదే.

నేను నేనే. రుజువులు ఇవిగో.

నాలుగేళ్లప్పుడు నీ బల్లకి బిగించి ఉండే ఇనప పట్టకారలో నా జడ పెట్టి, మర తిప్పి నేనే బిగించుకున్నాను. ‘జడ కత్తిరించెయ్’ అని అందరూ అన్నారు. నువ్వు ఒప్పుకోలేదు. మర కొంచెం కొంచెంగా విప్పుతూ, నేను ఏడవకుండా ఓ కప్ప కథ చెప్పావు. కథ అయిపోయినా మర ఊడలేదు. ఆ కప్పకి పెళ్లి చేశావు.

బడిలో చేర్చిన రోజు నీ నడుము పట్టుకుని వేలాడితే ఇద్దరు టీచర్లు లాగారు. ‘ఇది పిల్ల కాదు, గొళ్లెం’ అన్నావు. ఆ పేరే ఉండిపోయింది.

ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు నువ్వు తాళాలతో మాట్లాడతావు. బల్ల కింద నేనున్నానన్న సంగతి మర్చిపోయేదానివి.

ఇక లోపల ఏముందన్నావు. నా చదువు కాగితాలు, ఆ రచన. అంతే.

భద్రతా రంగం అన్నది సరదాకి. దాన్ని పట్టుకుని వేలాడకు.

ఎనిమిదింటికి ప్రయత్నించడం ఆపేశాను. నిన్నటి నుంచి ‘ఇప్పటికే చాలాసార్లు ప్రయత్నించారు, కొంతకాలం ఆగండి’ అంటోంది. నా కొత్త నంబరు కింద రాస్తున్నాను. నువ్వే ఫోను చెయ్యి. కోడ్ ఎలా చెప్పాలో చెబుతాను. శనివారం దాకా పరీక్షలున్నాయి, కదలడానికి లేదు. గడువు దగ్గరికి వస్తోంది అత్తా. రాత్రి పుస్తకం తెరిస్తే అక్షరాల బదులు ‘మీరేనా?’ అని కనిపిస్తోంది.

గొళ్లెం


మార్చి 12

గొళ్లెం,

నీ ఉత్తరాలు రెండూ ఒకేసారి వచ్చాయి. పెన్సిలుతో రాసిందీ, తర్వాతదీ. పోస్టులో ఎక్కడ పడుకున్నాయో ఏమో. పట్టకార సంగతి చదవగానే నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. కప్పకి పెళ్లి చేసిన సంగతి నేనే మర్చిపోయాను. నువ్వు నువ్వే. కొట్టులో అందరికీ వినపడేలా ‘అవును’ అన్నాను కూడా. తీరా చూస్తే నొక్కడానికి అక్కడ ఏమీ లేదు.

ఇప్పుడు చెప్పేది కుర్చీలో కూర్చుని చదువు.

ఏడో తారీఖున మళ్లీ అడిగితే మళ్లీ ‘కాదు’ అన్నాను. అప్పుడు ఫోను, ‘ఎవరో మీ ఖాతాలోకి రావాలని చూస్తున్నారు, భద్రపరచమంటారా?’ అంది. ఎంత మర్యాదగా అడిగిందో! ‘భద్రపరచు’ అన్నాను. నీ పెన్సిలు ఉత్తరం చూసి ఇవాళ తెల్ల కవరు బొమ్మ నొక్కితే, లోపలికి పోనివ్వకుండా నన్నే ‘మీరెవరు?’ అంటోంది. అంటే ఇంటామెని బయట పెట్టి తలుపేసి, నేను కూడా బయటే నిలబడ్డానన్నమాట. ఇన్నేళ్ల పనిలో ఇలాంటి ఘనకార్యం చెయ్యలేదు. దాన్నే కాసేపు తిట్టాను. తర్వాత నన్ను తిట్టుకున్నాను. చివరికి నిన్ను కూడా తిట్టాను, ఆ పది సంఖ్యలూ ఖాతాలోనే దాచినందుకు. తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు లాగేసుకునే వాళ్ల మీదే నా బతుకంతా నడిచింది. నా ఇంట్లోనే ఒకదాన్ని పెంచానని తెలియదు.

నీ నంబరుకి ఫోను చేశాను. నీ రాతకి తోకలున్నాయి కదా, చివరి అంకె ఒకటో ఏడో తెలియలేదు. ఒకటి అనుకున్నాను. పశువుల డాక్టరుగారు ఎత్తాడు. మంచివాడు. నా సమస్య అంతా విని, ‘అమ్మా, గేదెకైతే ఏదో ఒకటి చెప్పేవాణ్ని’ అన్నాడు. ఏడు అనుకుని చేద్దామంటే నువ్వు పరీక్షలో ఉంటావేమోనని ఆగాను.

కోడ్ కూడా ఒకటి వచ్చింది ఇవాళ. ‘మీరెవరు?’ అని అడిగిన చోట ఏదో నొక్కితే వచ్చింది. నీకు పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను: 4 0 8 8 1 6. కింద ‘పది నిమిషాల్లో వాడాలి’ అని ఉంది. అందుకే మామూలు పోస్టులో కాకుండా స్పీడ్ పోస్టులో వేస్తున్నాను.

ఇక మనసులో మాట. రాయకూడదనుకున్నాను, కానీ రాయకపోతే కాగితం మిగిలిపోయేలా ఉంది.

లోపల ఏముందంటే ‘చదువు కాగితాలు, రచన’ అన్నావు. ఇంట్లో ఏముందమ్మా అంటే ‘సామాను’ అన్నట్టుంది. అలా చెప్పిన వాళ్లకి నేనెప్పుడూ తలుపు తియ్యలేదు. పెన్సిలు ఉత్తరంలో ‘చదవకు, పేరు కూడా చూడకు’ అన్నావు. అంతకుముందు నీ స్నేహితురాళ్ల దగ్గర నన్ను ‘భద్రతా రంగం’ చేశావు. మూడూ పక్కపక్కన పెట్టి చూశాను. చేతికి మసి ఉన్న అత్త గురించి చెప్పుకోవడం ఆ కాలేజీలో కష్టమే అయ్యుంటుంది. నేను చూడకూడని ఇల్లు ఒకటి నువ్వు కట్టుకుని ఉంటావు. వయసొచ్చిన పిల్లవి, కట్టుకోవాలి కూడా. నేనేమీ అనుకోను. అనుకోనని రాయడానికే ఇంత కాగితం అయింది.

నీ ఫోను నీ దగ్గరే ఉండటం మంచిది. నా పాత బటన్ ఫోను ఇంకా పనిచేస్తోంది. రేపూ ఎల్లుండీ పక్క ఊళ్లో తాళాల పని ఒప్పుకున్నాను, ఆదివారం పోస్టాఫీసు ఉండదు. సోమవారం తియ్యగానే పార్శిలు చేసేస్తాను.

అత్త


మార్చి 14, శనివారం, సాయంత్రం

అత్తా,

చివరి పరీక్ష రాసి గదికి వచ్చేసరికి నీ స్పీడ్ పోస్టు తలుపు కింద ఉంది. ఆ కోడ్ పది నిమిషాలకే చచ్చిపోయిందనుకో. అయినా చింపలేదు. నీ చేత్తో అంకెలు ఒక్కొక్కటీ విడివిడిగా, తప్పు పోకూడదని, ఎంత జాగ్రత్తగా రాశావో! నా పుస్తకంలో పెట్టుకున్నాను.

కాలేజీ కంప్యూటరు దగ్గర కూర్చుని ఖాతా వాళ్ల సలహా చదివాను. ‘మీరు ఎప్పుడూ వాడే చోటు నుంచి, ఎప్పుడూ వాడే ఫోనుతో ప్రయత్నించండి’ అని ఉంది. నేను ఎప్పుడూ వాడే చోటు ఏదా అని ఆలోచించాను. సెలవులన్నీ నీ బల్ల పక్కన ఎత్తు పీట మీద కూర్చుని, ఆ ఫోనులో రాసుకుంటూ గడిపినదాన్ని. నేనెవరో ఆ యంత్రానికి తెలియాలంటే నేను నీ కొట్టుకి రావాలి. నువ్వు సోమవారం పార్శిలు చేస్తే ఫోను ఇటు వస్తూ ఉంటుంది, గడువు అటు దాటిపోతుంది. దయచేసి ఆ పని చెయ్యకు.

ఇప్పుడు నీ ప్రశ్నకు జవాబు. ముందే చెప్పాల్సింది.

లోపల నీ కొట్టు ఉంది. రచన పేరే ‘కొట్టు’. మొదటి వాక్యం ఇది: ‘మా అత్త ఏ తాళాన్నైనా తీసే ముందు పలకరిస్తుంది.’ తర్వాత నువ్వు తాళాలతో అనే మాటలు ఉన్నాయి. తుప్పు పట్టిన దానితో, ‘ఎవరూ పట్టించుకోలేదా నిన్ను? అలిగావా?’ అంటావు. బిగుసుకున్న దానికి నూనె చుక్క వేసి, ‘తొందరేం లేదు, ఆలోచించుకో’ అంటావు. కుర్రాడెవడో తాళంచెవిని బలంగా తిప్పబోతే, ‘బలవంతం చేస్తే విరిగేది తాళం కాదయ్యా, చెవి’ అంటావు. ఆకురాయికి నువ్వు పెట్టిన ముద్దుపేరు కూడా ఉంది. అది మాత్రం ఇక్కడ రాయను. ఈ ఉత్తరం ఎవరైనా చదివితే నీ పరువు పోతుంది.

తాళంచెవి జేబులోనే పెట్టుకుని, పోయిందని వచ్చే పెద్దాయన కూడా ఉన్నాడు. బల్ల కింద నుంచి చూస్తే జేబులో చెవి ఆకారం నాకు స్పష్టంగా కనిపించేది. నీకూ తెలుసు. అయినా సంచి భుజానికి తగిలించుకుని ఆయన వెంట వెళ్లేదానివి. లోపల ఏముందని ఆయన్ని మాత్రం ఎప్పుడూ అడగలేదు. ఎందుకని అడిగితే, ‘లోపల ఏమీ లేదే. అందుకే ఆ తలుపు ఆయన ఒక్కడే తీసుకోలేడు’ అన్నావు. నాకు అప్పుడు అర్థం కాలేదు. అర్థం కాకపోయినా ఆ మాట పారేసుకోవాలనిపించలేదు. మాటలంటే నాకు ఇష్టమని ఆ రోజే తెలిసిందనుకుంటాను. లైబ్రరీలో పాత ఉత్తరాలు దొరికినప్పుడు కాదు.

చదవకు అన్నది సిగ్గుతో కాదు అత్తా. భయంతో. నీ మాటలు నిన్ను అడక్కుండా తీసుకున్నాను. అందుకే నీ మొదటి ఉత్తరంలో ‘దొంగ వచ్చాడు’ అని చదివినప్పుడు, నాకు సంబంధం లేని మాటగా అనిపించలేదు. అంతకంటే పెద్ద భయం ఇంకోటుంది. నువ్వు చదివి, ‘ఎవరే ఈవిడ?’ అంటే? భాషాశాఖ వాళ్లు బాగాలేదంటే మళ్లీ రాస్తాను. నువ్వు అలా అంటే ఇక ఏం రాయను?

భద్రతా రంగం సంగతి కూడా విను. ఆ మాట అన్నది నిజం, పలకడానికి గొప్పగా ఉందని అన్నాను. ‘అంటే ఏం చేస్తారు?’ అని వాళ్లు అడిగారు. ‘తాళాలు బాగుచేస్తుంది, తాళంచెవులు కోస్తుంది’ అన్నాను. మర్నాడు పొద్దున్నే నా తలుపు ముందు ముగ్గురు నిలబడ్డారు, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో చెడిపోయిన తాళం. ఆ తర్వాత వంటగది ఆవిడ ఒకటి తెచ్చింది. వార్డెన్ బీరువా తాళం తెచ్చింది. అప్పటి నుంచి నా మంచం కింద ఒక సంచి నిండుతోంది. అటూ ఇటూ జరిపితే గణగణమంటుంది. ఈ హాస్టల్లో నిన్ను చూడని వాళ్లందరికీ నువ్వు తెలుసు.

ఈ ఉత్తరం పోస్టులో వేయను. రేపు పొద్దున్న మొదటి బస్సుకి నేనే తెస్తున్నాను. ఆదివారం కాబట్టి షట్టరు దించి ఉంటుంది. నువ్వు వెనక గదిలో రేడియో పెట్టుకుని ఉంటావు, కొట్టినా వినపడదు. కాబట్టి షట్టరు కింద సందులోంచి దీన్ని లోపలికి తోసి, తాళాల సంచి పక్కన పెట్టుకుని మెట్టు మీద కూర్చుంటాను. టీ కోసం బయటికి వచ్చినప్పుడు నీ కాలికి తగులుతుంది. చేతిరాత చూడు. తోకలు తీసేశాను.

చదివాక షట్టరు ఎత్తు. ఫోను బల్ల మీద పెట్టు. నేను నా పీట మీద కూర్చుని కోడ్ అడుగుతాను. అది వస్తుంది, ఈసారి పోస్టు దాకా పోనక్కర్లేదు. నువ్వు అంకెలు పైకి చదువు, నేను నొక్కుతాను. ఖాతా తెరుచుకోగానే ఫోను నీ చేతికి ఇచ్చేస్తాను. నీ పద్ధతి ప్రకారం ముందు నువ్వే లోపలికి వెళ్లి, నేను చెప్పినవన్నీ ఉన్నాయో లేవో సరిచూసుకో. తర్వాత మొదటి నుంచి చదువు. నేను టీ కాస్తూ నీ వైపు చూడకుండా ఉంటాను, కుదిరినంత వరకు.

చదివాక అందులో ఉన్నది నువ్వేనా, కాదా, నిదానంగా ఆలోచించి చెప్పు. ‘కాదు’ అంటే పంపను. గడువు నాలుగు రోజులుంది, నీ పక్కనే కూర్చుని మళ్లీ రాస్తాను. ‘అవును’ అంటే అక్కడి నుంచే పంపేద్దాం, నొక్కేది మాత్రం నువ్వే. ఆ తర్వాత ఈ సంచిలో తాళాలన్నీ బల్ల మీద పోస్తాను. వార్డెన్ బీరువాది ముందు చూడాలి, ఆవిడకి తొందర.

గొళ్లెం